గల్లగురిగి

అక్టోబరు నెల చివరకు వచ్చుసరికి మన విద్యాలయములలో పొదుపును గూర్చిన ఉపన్యాసములు మొదలగును. 1924లో ఇటలీ దేశమున మిలాను నగరమందు సమావేశమైన పొదుపు బ్యాంకుల ప్రతినిధులు అక్టోబరు 31వ తేదీని ప్రపంచ పొదుపు దినముగా నిర్ణయించిరి. ఇందిరాగాంధీ మరణించిన దినమును అదియే యగుటచేత మన దేశమున దానిని ఒకనాడు ముందుగా, 30వ తేదీననే జరుపుట వాడుకయైనది. సిద్దిపేటలో అర్థశాస్త్రము బోధించు ఒక యువ అధ్యాపకుని ఆ సందర్భమున ఆడపిల్లల ఎదుట ప్రసంగింపుమని కోరగా, అతడు తనవల్ల కాదని చెప్పి పంపెను. అతని మేనత్త తెలుగు పండితురాలుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న వృద్ధురాలు. తమ వాడలోని మహిళాసంఘమునకు చాల యేండ్లనుండి లెక్కలు వ్రాసిపెట్టుచున్నది. ఆమె ఆ మాట విని ఊరకుండలేకపోయెను. వారిరువురి వాదమును నేను విన్నంతవఱకు ఇచట వ్రాయుచున్నాను. ఇరువురియందును నాకు గౌరవము కలదు; ఐనను న్యాయము కడకు ఎవరివైపు మొగ్గినదో నాకు తోచిన రీతి దాచిపెట్టను.

అత్తమ్మ : పిలిచినవారికి రానని చెప్పితివట. నాలుగు పైసలు వెనుక వేసికొనుడని ఆడపిల్లలకు చెప్పుటకు నీకు నోరేల రాలేదు, అల్లుడా?

అల్లుడు : ఏ మొగముతో చెప్పుదును అత్తమ్మా? ఆ పిల్లలలో పెక్కుమంది తల్లులు బీడీలు చుట్టుదురు. దుబ్బాక మొదలుకొని మన పట్టణపు వాడలదాక సంజె వేళ ఏ యింటి అరుగు చూచినను చాట ముందఱ నడుము వంచి కూర్చున్న ఆడుదియే గదా కనబడును? తునికాకు తడిపి, కొలత ప్రకారము కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టి, వెయ్యి బీడీలైన పిదప వెయ్యికింత అని కూలి పుచ్చుకొను తల్లి కడుపున పుట్టిన బిడ్డకు మితముగా బ్రతుకుమని నేను బోధింపవలెనా? ఆమె ఇంతకంటె మితముగా ఎట్లు బ్రతుకును? తల్లి చీరను లంగాగను, లంగాను దిండుగలేబుగను, గలేబును మసిగుడ్డగను మార్చి వాడుకొను ఇంట పొదుపుపాఠము చెప్పువాడు ఆ పాఠమును అచ్చటనే నేర్చుకొనవలసినవాడు. మిగులు గలవాడు మిగులు లేనివానికి చేయు బోధ యిది. నాకు దానియందు విశ్వాసము లేదు.

అత్తమ్మ : మసిగుడ్డ మాట నీవు నాకు చెప్పవలసిన పనిలేదు, నేనును ఆ యింటనే పుట్టితిని. కాని ఆ తల్లినే పోయి, నీకు వెనుక వేసిన సొమ్మేమైన కలదా యని అడుగుము. కలదనును. కార్ఖానావారు ఆమె కూలిలో నూటికి పది చొప్పున పట్టి, తామును పది కలిపి, నెలనెలయు భవిష్యనిధికి కట్టవలెను. పి.ఎఫ్. నెంబరు ఉన్న కార్డు సంపాదించుటకు మన ఆడవారు ఎన్ని మెట్లెక్కి దిగుదురో నీకు తెలియనిది కాదు. పిల్ల పెండ్లికి, ఇంటిపై రేకులకు, గర్భసంచి ఆపరేషనుకు, ఒక్కటేమి, ఆపద యేది వచ్చినను ఆ నెంబరే గదా దిక్కు? ఆ కార్డు చేతికి రాని వారి యేడ్పును నేను విన్నాను.

అల్లుడు : నా మాటనే నీవు బలపఱచితివి. అందు ఆమె మితవ్యయమునకు సంబంధించినది ఏమియు లేదు. చట్టము చేసిన పని అది. ఆమె పది ఇచ్చిన యజమాని పది యీయవలెనని చట్టము శాసించినది గనుక ఆ సొమ్ము పెరిగినది. చేనేతవారి సంగతియు ఇట్టిదే. 2017లో వచ్చిన ‘నేతన్నకు చేయూత’ పథకమున నేతగాడు తన కూలిలో నూటికి ఎనిమిది దాచిన, ప్రభుత్వము పదునాఱు కలుపునట్లు ఏర్పాటు. ఇవి ఆలస్యముగా చేతికందు కూలి యనుము, ఒప్పుకొందును. దీనిని గూర్చి మాట్లాడుమన్న నేను మూడు గంటలు మాట్లాడుదును. కాని ఆ సభలో వారు నాచేత చెప్పింపగోరినది ఇది కాదు. టీ మానుము, పూలు కొనకుము, సినిమాకు పోకుము అని చెప్పవలెనట. పదునెనిమిదేండ్ల పిల్ల మూర మల్లెపూలు మానుకొన్నంత మాత్రమున ఆమె కుటుంబము గడ్డకెక్కునా?

అత్తమ్మ : పూలు మానుమని నేనును అనను. ఆడపిల్ల తలలో పూవు చూచి ఓర్వలేని పొదుపు నాకక్కఱలేదు. నేను చెప్పునది వేఱు. మా తాతగారి నాడు ఈ ప్రాంతమున నాగు అను ఒక ఆచారము ఉండెడిది, విన్నావా?

అల్లుడు : ధాన్యపు అప్పు గదా.

అత్తమ్మ : ఔను. వానలు పడి, భూమి పదునై, విత్తవలసిన వేళకు రైతు ఇంట గింజ ఉండెడిది కాదు. దొర గడికో, సావుకారి వాకిటికో పోయి, విత్తులకని, తిండికని కొలిపించుకొని వచ్చి, పంట చేతికి వచ్చినపుడు తెచ్చినదానికి సగము చేర్చియో, ఒక్కొక్కచోట రెండింతలుగనో మరల కొలిచి పోయవలసి యుండెను. నాలుగైదు మాసముల గడువుకు అంత మిత్తి! అట్టి సమయమున ఒక్క గుమ్మెడు గింజ యింట నిలువయున్నవాడు దొర వాకిట నిలబడలేదు. కొలత తప్పుగా కొలిచినను నోరెత్తలేని దురవస్థ వానికి రాలేదు. వెనుక ఇంత ఉండుటవలన కలుగు ప్రయోజనము భోగము కాదురా నాయనా, ఎదుటివానితో ‘నీ షరతునకు నేనొప్పను’ అనగలుగుట. నేను ఆడపిల్లలకు చెప్పుమన్నది ఈ ఒక్క విషయమే.

అల్లుడు : అత్తమ్మా, కోపగింపకుము. రైతు గుమ్మిలో గింజ ఏల నిలువలేదు? వాడు దుబారా చేసినాడనియా? కౌలనియు, లెవీ యనియు, వెట్టి యనియు, నిరుటి నాగు బాకీ యనియు కల్లముననే ఊడ్చుకొని పోయినవాడెవడు? ఆషాఢమున నాగు ఇచ్చినవాడే గదా! గుమ్మి ఖాళీ చేసినవానికే మరల గుమ్మి నిండలేదను నెపమున మిత్తి చెల్లింపవలసి వచ్చెను. ఆ రైతునకు పొదుపు బోధించిన లాభమేమి? ఆ దోపిడిని ఎదిరించుటకు ఈ గడ్డమీద సాయుధ పోరాటమే కావలసి వచ్చెను గాని పైసలు దాచు మట్టి గల్లగురిగి చాలలేదు.

ఇచట ఆమె కొంతసేపు మాటాడలేదు. అల్లుని వాదములోని ఈ భాగమునకు సమాధానము లేదనియే నా అభిప్రాయమును; దొరతనపు నాటి దారిద్ర్యమునకు కారణము దరిద్రుని అలవాట్లయందు వెదకుట చరిత్రకు చేయు ద్రోహము.

అత్తమ్మ : నీవన్నది నిజము. ఆనాటికి అది నిజము. కాని దొర పోయిన పిదప ఏమైనది? గడి పాడుబడెను, నాగు మాయమయ్యెను. మూడు రూపాయల మిత్తి, ఐదు రూపాయల మిత్తి మాత్రము మన వాడలో నేటికిని నడచుచున్నవి. లెక్క చూడుము. పదివేల రూపాయలు మూడు రూపాయల మిత్తికి తెచ్చినామె నెలకు 300, ఏటికి 3,600 కట్టును. అసలు అట్లే నిలుచును. ఆ పదివేలే సంఘములో నెలకు నూటికి రూపాయి చొప్పున తీసికొన్నచో ఏటికి 1,200. నడుమనున్న 2,400 రూపాయలు ఎవరి టీయో, ఎవరి పూలో మాన్పించి కూడబెట్టినవి కావు. నోటిముద్ద తగ్గింపకయే మిగిలినవి. నేనెరిగిన పొదుపు ఇది. ఇంటిలోని చిల్లర ఖర్చులపై కన్నెఱ్ఱజేసి, మిత్తి రూపమున ఇల్లే తరలిపోవుచున్నను చూడనివాడు నీవు చెప్పిన ఆ ఉపన్యాసకుడు.

అల్లుడు : ఆ లెక్కకు నేను తల వంచుచున్నాను. ఐనను నా శాస్త్రమున ఇంకొక చిక్కు కలదు. 1931 జనవరిలో, ఇంగ్లండు దేశమున పనులు లేక లక్షలమంది అలమటించుచున్న కాలమున, కీన్సు అను అర్థశాస్త్రవేత్త రేడియోలో మాటాడుచు, ఒకడు ఐదు షిల్లింగులు దాచిపెట్టినప్పుడెల్ల మఱియొకనికి ఒకనాటి పని పోవుచున్నదని చెప్పి, గృహిణులను అంగళ్లకు బోయి వస్తువులు కొనుడని వేడుకొనెను. వినుటకు వింతగా నుండును గాని, మన సిద్దిపేటలో దానికి దృష్టాంతము కన్నులయెదుటనే యున్నది. గొల్లభామ చీరను నేయువారు ఇపుడు ఎందఱు మిగిలినారు? 2012లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. గుర్తింపు వచ్చినంత వేగముగా కొనువారు రాలేదు. నెత్తిన కుండతో నడచు ఆ గొల్లభామ బొమ్మను మగ్గముపై పోగు పోగుగా, రంగునూలును చేతితో ఎక్కించుచు నేయవలెను. తొందరపడిన బొమ్మ చెడును. అట్టి చీర వెల ఎక్కువయని నీవంటి పొదుపరులందఱును మరమగ్గపు చీరతో సరిపుచ్చుకొన్నచో, నేతగాని కూలి ఏమి కావలెను? వాని నూటికి ఎనిమిది దేనిలో పట్టవలెను?

అత్తమ్మ : (నవ్వి) నన్ను పొదుపరి యని నీవే యన్నావు గదా. నా పెట్టెలోని చీరలు లెక్కపెట్టుము. పండుగకొకటి, పబ్బమునకొకటి, ఆడపడుచు పెట్టినది, వియ్యపురాలు పెట్టినది యని నలువది చీరలు నాకు లేవు. ఉన్నవి కొన్ని, అందు గొల్లభామ చీర యొకటి, నా ఉద్యోగపు తొలినాళ్లలో మగ్గము దగ్గఱకే పోయి చెప్పి నేయించుకొన్నది. అది నేటికిని కట్టుచున్నాను. ఇపుడు శుభకార్యములలో ఒకరికొకరు పెట్టుకొను చీరలు ఎవరును కట్టరు. ఈ యింట పెట్టినది ఆ యింటికి, ఆ యింటనుండి మరియొక యింటికి మడత విప్పకయే తిరుగుచుండును. ఆ సొమ్మంతయు ఏ నేతగానికి చేరినది? నాలుగు పెట్టుబడి చీరలు మాని మంచి నేతచీర ఒక్కటి కొన్న ఇల్లాలు పొదుపరి కాదందువా? ఖర్చు తగ్గించుకొనుట యని మేమన్నపుడు వెల తక్కువ సరుకు వెదకి తెచ్చుట యని నీవు అర్థము చేసికొనుచున్నావు. వెల తక్కువ సరుకు కొని తఱచుగా పాఱవేయుటకంటె దుబారా ఏమున్నది?

అల్లుడు : నీవంటివారు పదుగురు లేరు.

అత్తమ్మ : లేకపోవచ్చును. అందులకే గదా పిల్లలకు చెప్పుమనుచున్నాను.

అల్లుడు : మంచిది, చీర సంగతి విడుతును. దాచిన సొమ్ము నిలుచునా యని అడుగుచున్నాను. గల్లగురిగిలో వేసి గూట పెట్టిన సొమ్మును దొంగ యెత్తుకొనిపోవును, ఇంటివాడు పగులగొట్టును, ఏమియు కానిచో కాలమే కొఱుకును. ఇది నీకు నాకంటె బాగుగ తెలియును.

అత్తమ్మ : తెలియును. మా నాయనమ్మ నిజాముగారి హాలీ సిక్కా రూపాయలను ఒక గురిగిలో వేసి వంటింటి గోడలో పెట్టి మెత్తించినది. 1959లో ఆ నాణెము చెలామణినుండి పోయినది. ఆమె పోయిన పిదప గోడ విప్పి చూచినపుడు మా నాయన ఆ రూపాయలను చేతిలో పట్టుకొని కన్నీరు పెట్టుకొనెను. ఏడు హాలీ రూపాయలకు ఆఱు కల్దార్లు, అనగా ఇంగ్లీషువారి రూపాయలు, వచ్చెడి కాలమున మార్చినచో ఒక జత కోడెలు వచ్చియుండెడివట.

అల్లుడు : మఱి 2016 నవంబరు 8వ తేదీ రాత్రి? ఐదువందలు, వేయి నోట్లు చెల్లవన్ననాడు మన వాడలో ఏమి జరిగినది? బియ్యపు డబ్బాలో, పోపుల పెట్టెలో, దేవుని పటము వెనుక, మగనికి తెలియకుండ, అత్తకు తెలియకుండ, ఎన్నో యేండ్లు కడుపు కట్టుకొని దాచిన నోట్లను ఆడవారు వెలికి తీసి, ఎవరికి కనబడరాదని దాచినారో వారి చేతికే ఇచ్చి, ‘మార్చి తెండు’ అని ప్రార్థింపవలసి వచ్చెను. మార్చిన పిదప ఆ సొమ్ము ఎందఱికి తిరిగి వచ్చినది? అదే డిసెంబరులో మన యిబ్రహీంపూరును నగదు లేని గ్రామమని ప్రకటించి దుకాణములలో కార్డు గీకు యంత్రములు పెట్టినారు. ఆ యంత్రముల అద్దె మోయలేక అంగడివారు మరల నగదునకే వచ్చినట్లు పిమ్మట పత్రికలు వ్రాసినవి. పైవారి నిర్ణయ మొక్కటి పేదరాలి పదేండ్ల కష్టమును ఒక్క రాత్రిలో బజారున పెట్టగలిగినపుడు దాచుమని చెప్పుటకు నాకు ధైర్యమెట్లు వచ్చును?

దీనికి ఆమె చెప్పిన సమాధానము నాకు చాలకాలము గుర్తుండదగినది. అందలి బలము వాదములో కంటె ఆమె చెప్పిన అనుభవములో ఉన్నది.

అత్తమ్మ : ఆ నెలలో మా సంఘమునకు వచ్చిన ఆడవారిని నేను చూచితిని. నీవు చెప్పినదంతయు సత్యము, ఇంకను ఎక్కువయే జరిగినది. కాని ఎవరి సొమ్ము బయటపడలేదో అదియు చెప్పుము. నెలనెలయు సంఘములో కట్టినది ఎవరికిని చూపవలసిన పని లేకపోయినది. అది అందఱి యెదుట పుస్తకములో వ్రాసినదే గనుక. మగనికి ముందునుండియు తెలిసినదే, కాని వాడు తీసికొనలేడు. దాపరికము వేఱు, భద్రత వేఱు. మా నాయనమ్మకు దాపరికమే తెలిసినది, ఏలయనగా ఆమె నమ్మదగినది గోడ తప్ప మరియొకటి లేకుండెను. నేను గల్లగురిగి పక్షమున వాదించుచున్నానని నీవనుకొంటివి. నాకు గల్లగురిగి ఇష్టము లేదు. ఒంటరి ఆడుది ఒంటరిగా దాచిన సొమ్ము ఎవడో ఒకడు పగులగొట్టుటకే. పదిమంది కలిసి, పదిమంది యెదుట లెక్క చెప్పి, పదిమంది సంతకముతో తీయుట యను పద్ధతి వచ్చువఱకు పేదవాని పొదుపునకు ఇల్లు లేదు.

అల్లుడు : సంఘములని నీవింత నమ్మకముతో చెప్పుచున్నావు. అవే సంఘములను ఆసరా చేసికొని సూక్ష్మరుణ సంస్థలు వాడవాడల చొరబడలేదా? ఒకామె వారపు కిస్తీ కట్టకపోయినచో మిగిలినవారిచేత ఆమె గుమ్మము ముందఱ బైఠాయింపజేసిరి. ఇరుగుపొరుగుల స్నేహమునే జామీనుగా పట్టుకొనిరి. ఆత్మహత్యలు జరిగిన పిదప గదా 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లకు అడ్డుకట్ట వేసెను! పదిమంది కూడుట ఎల్లపుడును రక్షయే యని ఎట్లందువు?

అత్తమ్మ : ఎవరి సొమ్ముతో కూడినారో చూడుము. ఆ సంస్థలు పైనుండి సొమ్ము తెచ్చి, అప్పుతో మొదలుపెట్టినవి. మేము మా సొమ్ముతో మొదలుపెట్టితిమి. దూబగుంట రోశమ్మ పేరు నీవు విన్నదే. నెల్లూరు జిల్లాలో అక్షరదీపమను అక్షరాస్యతోద్యమమున చదువు నేర్చిన ఆమెవంటి ఆడవారు సారా దుకాణముల మీద తిరుగబడగా, 1993 అక్టోబరు 1న సారా నిషేధమైనది. అంతటితో వారు ఇంటికి పోలేదు. సారాకు పోవు సొమ్ములో దినమునకొక రూపాయి పొదుపులక్ష్మి పేర దాచుట మొదలుపెట్టిరి. ఆ రూపాయి ఎక్కడినుండి వచ్చినది? పిల్లల కంచములోనుండి రాలేదు, సారా కొట్టునుండి వచ్చినది. ఆ క్రమము నాకు ప్రధానము: మొదట పోరాటము, తరువాత పొదుపు. నీవు పోరాటమును పొదుపును ఒకదానికొకటి విరోధమన్నట్లు మాటాడుచున్నావు. వారు రెండింటిని ఒక చేతితోనే చేసినారు.

అల్లుడు : అది నెల్లూరు.

అత్తమ్మ : దూరమన్నచో దగ్గఱకు రమ్ము. హుస్నాబాదు దాటిన ముల్కనూరు ఉన్నది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు అచ్చట సహకార పరపతి సంఘము స్థాపించిరి. రైతునకు అప్పిచ్చి, ఎరువిచ్చి, పండిన పంటను తామే అమ్మి, సభ్యుని పేర పొదుపు నిలుపు ఆ పద్ధతి నేటికిని నడచుచున్నది. దేశమున సహకార సంఘములు ఎన్ని పుట్టి ఎన్ని పాడైనవో నీకే తెలియును. ఇది పాడుగాకుండుటకు కారణము, సభ్యుల సొమ్ము అందు ఉండుట. తన సొమ్ము ఉన్నచోట మనిషి లెక్క అడుగును. సర్కారు సొమ్ముతో నడచు సంఘమున ఎవడును లెక్క అడుగడు. ఆ చుట్టుపట్ల పల్లెలలో ఆడవారి పొదుపు సంఘములు మొలచి, 1995లో పరస్పర సహాయ సహకార చట్టము వచ్చిన పిదప సర్కారు వాటాధనము లేకుండ, రిజిస్ట్రారు దయాదాక్షిణ్యములకు లోబడకుండ తమంతట తాము నడపుకొనుటకు వీలు చిక్కి, కడకు ఆ ఆడవారే పాలడెయిరీ పెట్టినారు. అది ఏ ఉపన్యాసమువలనను జరుగలేదు. నెలకు పది రూపాయలు కట్టుట చేతకాని దానివని చిన్నచూపు చూచినవారి యెదుటనే జరిగినది.

అల్లుడు : డెయిరీ సంగతి నేనెఱుగుదును, మా విద్యార్థులను తీసికొనిపోయి చూపినాను కూడను. నా సందేహము అట్టి ఉదాహరణములు కొలదియని మాత్రమే.

అత్తమ్మ : కొలదియే. కాని మన పట్టణమున స్టీలు బ్యాంకు మాట ఎవరు తలచినారు? దావత్తునకు ప్లాస్టికు గ్లాసులు, థర్మాకోలు పళ్లెములు కొని, తిన్న గంటకు చెత్తకుప్పలో వేయుట మాని, స్టీలు పళ్లెములు, గ్లాసులు, గంగాళములు ఒక్కచోట నుంచి, కావలసిన ఇంటివారు తీసికొనిపోయి, తోమి మరల తెచ్చి యిచ్చుట. సంఘపు ఆడవారే లెక్క చూచుకొందురు. ఏ యొక్క ఇంటివాడును రెండువందల పళ్లెములు కొనలేడు, ఊరు కొనగలిగినది. ఖర్చు మిగిలినది, చెత్తయు మిగులకుండపోయినది. ఇందులో పిసినారితనము ఎక్కడ?

ఆ పళ్లెములలో నేనును తిన్నాను. దావత్తుల ఖర్చులో పళ్లెముల వెల చాల చిన్నదనియు, మాంసమునకు, మద్యమునకు, షామియానాకు, బ్యాండునకు అయ్యెడిది ముందు తగ్గింపవలెననియు అల్లుడన్నప్పుడు అత్తమ్మ కాదనలేదు. పెండ్లిళ్ల యాడంబరమును గూర్చి వారు చాలసేపు మాటాడిరి గాని అందు ఇరువురికిని భేదము లేకపోవుటచేత దానిని విడిచిపెట్టుచున్నాను.

అల్లుడు : ఇక ఒక్క మాట అడుగుదును. దీనికి నీవు జవాబు చెప్పగలిగితివా, నేను ఊరకుందును. సంఘములో కట్టవలసిన నెల సొమ్మునకు ఆ ఇల్లాలు దేనిని తగ్గించును? మగని బీడీ తగ్గదు, కొడుకు ఫోను రీచార్జి తగ్గదు, అత్త మందులు తగ్గరాదు. తగ్గునది ఆమె కంచములోని కూర. అందఱును తిన్న పిదప అడుగున మిగిలినది తినుట మన ఇండ్లలో ఆడదాని వంతు గదా. పొదుపు పేర దానిలోను కోత పడుచున్నది. రక్తము లేక పాలిపోయిన తల్లుల పాసుపుస్తకములను చూపి మన జిల్లాలో పొదుపు ఇంత పెరిగినదని సభలలో లెక్కలు చదువుదురు. ఆ లెక్క వినునపుడు నాకు తల యెత్తుకొన బుద్ధి పుట్టదు.

అత్తమ్మ ఈసారి వెంటనే బదులు చెప్పలేదు. లేచి లోపలికి పోయి, అట్ట ఊడిన సంఘపు పుస్తకమును తెచ్చి, కండ్లద్దాలు పెట్టుకొని పుటలు త్రిప్పెను.

అత్తమ్మ : ఇదిగో, ఈ గడులు చూడుము. ఇచట సున్న, ఇచట సున్న, మరల ఇచట మూడు నెలలు వరుసగా సున్న. వేఱు సంఘములలో నెల తప్పినచో జరిమానా వేయుదురు. మా సంఘములో జరిమానా లేదు. ఈ మాటకై నేను అధికారులతో వాదులాడితిని. మీ సంఘమునకు మంచి గ్రేడు రాదనిరి, రాకపోయినను మంచిదే యంటిని. చేతిలో లేనినాడు కట్టనక్కఱలేదు. రెండవ వారము వచ్చి, ‘అక్కా, ఈ నెల వద్దు’ అని చెప్పిన చాలును. కూర మాని కట్టినదని తెలిసినచో ఆ నెల సొమ్ము మేము తిరిగి ఇచ్చివేసినదియు కలదు. నీవు చెప్పిన కీడు నాకు తెలియకనే ఇన్నేండ్లు ఈ పుస్తకము వ్రాయుచున్నాననుకొంటివా?

అల్లుడు : మరి సున్నలు వ్రాసికొనుటకు సంఘమెందుకు అత్తమ్మా?

అత్తమ్మ : ఎందుకో చెప్పెదను. మా వాడలో ఒకామె ఉన్నది, పేరెందుకు. మగడు లారీ మీద పోవును. ఆమె బీడీలు చుట్టును. ఆమె పేర సంఘములో మొత్తముగా చేరినది పెద్ద సొమ్మేమియు కాదు. నిరుడు మగని తమ్ముడు ఒక మోటారుసైకిలు కొనవలెనని, మీ సంఘములో తీసి యిమ్మని ఇంటిమీదికి వచ్చెను. ఆమె ఇచ్చితీరవలసిన దానివలె తలవంచి కూర్చుండినది. మఱదికి లేదనుట మన ఇండ్లలో ఎంత కష్టమో నీకు తెలియును. ఐనను ఒక్క మాట అన్నది. ‘నా చేతిలో లేవయ్యా. పదిమంది కూర్చొని తీర్మానము చేయవలెను. నీవే వచ్చి మా మీటింగులో అడుగుము.’

అల్లుడు : వచ్చినాడా?

అత్తమ్మ : పదునలుగురు ఆడవారి యెదుట నిలిచి మోటారుసైకిలుకు పైసలడుగుటకు ఏ మగవాడు వచ్చును?

అల్లుడు : ఐనచో ఆమెను కాపాడినది ఆ సొమ్ము కాదు గదా, ఆ తీర్మానమను నెపము మాత్రమే.

అత్తమ్మ : సొమ్ము లేనిచో నెపమునకు తావెక్కడ? సున్నలు ఎన్ని ఉన్నను ఆ గడుల నడుమ కొన్ని అంకెలును ఉన్నవి, చూచితివా. ఆ మఱుసటి నెలలో ఆమె వచ్చి, ఆ సొమ్ములోనుండియే కొంత తీసికొని, బిడ్డను నర్సింగు కోర్సులో చేర్చినది. తీర్మానము వ్రాయుటకు నాకు రెండు నిమిషములు పట్టినది.